సలేశ్వరం లోయల నేను చెప్పిన తప్పు మాట

రాంగోపాల్‌పేట్‌ల నా సైకిల్ షాపుకు వచ్చేటోళ్ళు పంచర్ అతికే లోపల రెండు మాటలు అడుగుతున్నరు. “యాదగిరీ, సలేశ్వరం ఎట్లుందీ?” అని ఒకటి. “డానియేలు సారు కాలు ఎట్ల విరిగిందీ?” అని ఇంకొకటి. మొదటిదానికి జవాబు చెప్తున్న. రెండోదానికి పంపు గట్టిగ కొడుతున్న, ఆ చప్పుడుల నా మాట వినబడకుండ. మూడు నెలలు దాటినయి. ఊరందరి టైర్లు నిండినయి, నా కడుపుల బరువు మాత్రం తగ్గలేదు. అందుకే రాస్తున్న. నాలుగో తరగతిల బడి ఎగ్గొట్టిన చెయ్యి ఇది. అక్షరాలు వంకరుంటే రిమ్ము వంకర పోయిందనుకొని జెర తిప్పుకుంట చదువుండ్రి. వచ్చే చైత్రానికి మీల ఎవరన్న ఆ లోయ దిగుతరు. మీ కోసమే ఇది.

మొక్కు

మా అక్క లచ్చమ్మది లాలాగూడ రైల్వే క్వార్టరు. బావ మల్లయ్య ఇంజన్ల బొగ్గు వేసే ఫైర్‌మన్. పోలీస్ యాక్షన్ షురూ అయ్యే ముందటి పొద్దున కూరల ఉప్పు ఎక్కువైందని బావ లడాయి పెట్టుకున్నడు. అన్నం డబ్బా సుత తీసుకోకుండ “పోతున్న” అని గడప దాటిండు.

మన ఇండ్లల ఎవరన్న అట్ల అంటరా? గల్లీ చివర పాన్ డబ్బా దాక పోయేటోడు సుత “వస్త” అనే పోతడు. తెల్లారి రైళ్ళు ఆగినయి. మీద విమానాలు, కింద మూసిన తలుపులు. నాలుగైదు దినాలకు బొల్లారం రోడ్డు మీద కొత్త ఫౌజు దిగింది, నిజాం రాజ్యం అయిపోయిందన్నరు. జనం మిఠాయిలు పంచుకున్నోళ్ళు పంచుకున్నరు, ఏడ్చినోళ్ళు ఏడ్చిండ్రు. మా అక్కకు ఇవేవీ ఎక్కలేదు. గడప మీద కూసుండి ఒక్కటే మాట: “పోతున్న అన్నడు రా. వస్త అనలేదు.”

పదిహేడు దినాలు. పద్దెనిమిదో నాడు బావ వచ్చిండు. యాడనో అడవి నడుమ నిలబడిపోయిన ఇంజన్‌కు కావలి ఉన్నడట. గడ్డం చూసి నేనే గుర్తుపట్టలేదు. అక్క గుర్తుపట్టింది, మొదలు పోయి కూరల ఉప్పు చూసుకున్నది.

ఆ పదిహేడు దినాలల్లనే అక్క మొక్కుకున్నది. మనిషి తిరిగొస్తే నల్లమల అడవి నడిచి సలేశ్వరం లింగమయ్య కాడికి పోత, లోయ వట్టి కాళ్ళతోని దిగుత అని. అక్కకు యాభై దగ్గర పడ్డది. కుడి మోకాలు మెట్టు ఎక్కితే కిర్రుమంటది. బావకు సెలవు దొరకలేదు. “నువ్వు తోలుకపోయి తోలుకరా, బామ్మర్దీ” అన్నడు. తోలుకపోవుడు ఎవడన్న చేస్తడు. తోలుకవచ్చుడే అసలు పని, ఆ సంగతి నాకు అప్పుడు తెల్వదు.

మౌలాలి గుట్ట

ఆ సంగతి తెలిసినోడు అక్కోళ్ళ పక్క క్వార్టర్ల ఉన్నడు. డానియేలు సారు, దవాఖానల కట్లు కట్టే డ్రెస్సరు. బాపట్ల దిక్కు మనిషి, ఆదివారం చర్చిల ముందు వరుస. యుద్ధం నాడు బర్మా నుంచి కొండలు దాటుకుంట నడిచొచ్చినోడు. ఆ నడక గురించి ఎవరు అడిగినా, “బయల్దేరినప్పుడు మేం పదకొండుగురం” అని ఆగిపోతడు. చేరినప్పుడు ఎందరన్నది ఇప్పటిదాక ఎవరికి చెప్పలేదు.

అక్క మొక్కు సంగతి విని ఆయన అక్క మొఖం చూడలేదు, మోకాలు చూసిండు.

“లచ్చమ్మ గారూ, మీరు దేవుడికి మాటిచ్చారు గానీ ఈ మోకాలినెవరూ అడగలేదు. చైత్రం జాతరకి రెండు నెలల టైముంది. రేపటి నుంచి నడవాలి.”

“నాయినా, నేను పొద్దందాక నడుస్తనే ఉంట గద, నల్లా కాడికి, పొయ్యి కాడికి.”

“అది నడక కాదమ్మా, తిరుగుడు.”

ఆదివారం చర్చి కాంగనే మమ్మల్ని మౌలాలి గుట్ట మెట్లు ఎక్కించేటోడు. మొక్కేమో లింగమయ్యది, మెట్లేమో దర్గావి, నేర్పేటోడు కిరస్తానం. ముగ్గురు దేవుళ్ళు కలిసి ఒక్క ముసలి మోకాలును బాగు చేస్తున్నరని నేను నవ్విన. ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగాలన్నడు. దూప కాకముందే నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగాలన్నడు. బెల్లం, ఉప్పు మూటల ఉండాలె. ఎండాకాలం అడవిల పొయ్యి పెట్టొద్దు, బీడీ సుత ముట్టియ్యొద్దు. మనం తిన్న ఇస్తరాకు మనమే ఎనక్కి తేవాలె. ఇవన్ని కాగితం మీద రాసుకొచ్చిండు. సామాన్ల కట్టుగుడ్డలు, బ్యాటరీ లైటు, విజిల్, ఇరవై మూరల సన్నటి తాడు.

“తాడెందుకు సార్? నడుమ విసుగొస్తే ఉరేసుకోనికా?”

“నీ నోరు కట్టడానికి.”

విజిల్ ఎందుకని అడిగిన. కొండ దారిల మలుపు ఉంటది, అవతల మనిషి కానరాడు, మలుపుకు ముందల ఒక్కసారి ఊదాలన్నడు. “కన్ను పోలేని చోటికి చెవి ముందు పోవాలయ్యా.” అప్పుడు ఆ మాటకు సుత నేను ఏదో జోకు వేసిన. యాదికి లేదు. వేయకుండ ఉండను గద.

నా తరఫున నేను చేసింది ఒక్కటే. పాత టైరు కోసి అక్కకు చెప్పులు కుట్టిచ్చిన, రాయి మీద జారనియ్యవు. లోయ అంచు దాక తొడుక్కుంట, ఆన్నుంచి వట్టి కాళ్ళే అన్నది అక్క. డానియేలు సారు లింగమయ్యతోని ఆ ఒక్క బేరానికి ఒప్పుకున్నడు.

బస్సుల తాళం

చైత్రం వచ్చింది, డానియేలు సారు సుత మాతోని బయల్దేరిండు. అచ్చంపేట బస్సుల నా పక్కన ఒక ముసలాయన కూసున్నడు, ఖాదర్ సాబ్. సామాను ఏమీ లేదు. చేతుల ఒక పెద్ద ఇత్తడి తాళం, తాళంచెవి దారంతోని మెడల. నాకు నోరు ఆగుతదా?

“చాచా, తాళం తీస్కపోతున్నరు, ఇల్లు సుత తెచ్చుకుంటే బాగుండు గద.”

ఆయన కోపం చెయ్యలేదు. “ఇంటి కాడికే పోతున్న బేటా. ఆ గడబిడల తాళం వెయ్యకుండనే ఎల్లిపోయినం. ఏడు నెలలాయె. ఇల్లుంటే తాళమేసి వస్త.”

“ఇంట్ల ఎవరున్నరు?”

“అదే చూడాలె.”

అక్క తన మూటల నుంచి జొన్న రొట్టె తీసి, మీద ఎర్ర కారం పెట్టి ఆయన చేతుల పెట్టింది. ఒక మట్టి రోడ్డు కాడ దిగుకుంట “వస్త బిడ్డా” అన్నడు అక్కతోని. ఆయనది సుత మన మాటే. పోయేటప్పుడు వస్త అనుడు. దుమ్ముల ఆయన తెల్ల టోపీ కనబడ్డంత సేపు అక్క కిటికీల నుంచి చూసింది.

మన్ననూరు నాకా

అచ్చంపేటల బస్సు దిగి, ఘాట్ ఎక్కి మన్ననూరు చేరినం. ఆడ మజ్జిగ ముంత ఒక హాలీ అణా, నిజాం సర్కారు పైసల. మా లాలాగూడల అదే అణాకు సగం ముంత, అందుల సగం నల్లా నీళ్ళు. మజ్జిగ బాగుంది, గొంతు తడిసి నాకు హుషారొచ్చింది. అదే కొంప ముంచింది.

అడవిల కమ్యూనిస్టు దళాలు ఉన్నయని ఫౌజోళ్ళు నాకా పెట్టి జాతర జనాన్ని ఒక్కొక్కరిని ఆపి మూటలు ఇప్పుతున్నరు. మా మూట ఇప్పంగనే జవాను కండ్లు పెద్దగైనయి. బ్యాటరీ లైటు, కట్టుగుడ్డలు, అయోడిన్ సీసా, విజిల్. దేవుని కాడికి పోయేటోళ్ళ కాడ కొబ్బరికాయలు ఉంటయి గని ఇవన్ని ఉంటయా?

“ఈ సీటీ ఎందుకు?” అన్నడు హిందీల, విజిల్ ఎత్తి చూపిచ్చి.

డానియేలు సారు నోరు తెరిచే లోపల నేను తెరిచిన. “దళాన్ని పిలువనికి సాబ్!”

ఎవరూ నవ్వలేదు. మమ్మల్ని ఎండల బండ మీద కూసోబెట్టిండ్రు, పొద్దు తిరిగేదాక. డానియేలు సారు తన దవాఖాన కాయితాలు చూపించి, అక్క మోకాలు చూపించి, మొత్తానికి మమ్మల్ని ఇడిపించిండు. కట్టుగుడ్డలు ఇచ్చిండ్రు. లైటు, విజిల్ గుంజుకున్నరు. తాడు మాత్రం వాళ్ళకు దొరకలేదు. నేను “బరువు, ఇంట్ల పడేద్దాం” అన్నప్పుడే అక్క దాన్ని చీర కింద నడుముకు చుట్టుకున్నదట. నాకు సుత అప్పుడే తెలిసింది.

నాకా దాటినంక సారు అన్నది ఒక్క మాట. “యాదగిరీ, నీ జోకు ఖరీదు ఒక విజిలు.”

బయ్యన్న

అడవిల ఒక చెంచు పెంట కాడ ఆగినం. పెంట అంటే పది గుడిసెలు. దారి చూపనికి బయ్యన్న అనే పెద్దమనిషి ఒప్పుకున్నడు. ఇంత సన్నటి మనిషి అంత సప్పుడు లేకుండ నడుస్తుంటే నా చెప్పులకు సిగ్గయింది. పొద్దుగూకే యాళ్ళకు మాకు చింతపండును బూడిదతోని కలిపి ఆకుల పెట్టిండు. మా దిక్కు గిన్నెలు తోమే సరుకు రెండూ కలిపి తినమంటున్నడని నేను నసిగిన, నోట్లె పెట్టుకుంటే పులుపు విరిగి కమ్మగున్నది. తేనెపట్టు చూపిచ్చి, సగం కోసి సగం ఇడిచిపెడ్తమన్నడు. అక్క అడిగింది ఎవరికని. “ఈగలకు. వాటిది గద” అన్నడు.

తెల్లారి లోయ అంచు కాడ మమ్మల్ని నిలబెట్టి చెప్పిండు. దారి ఒక్క మనిషి మందం. ఒక దిక్కు రాతి గోడ, ఇంకో దిక్కు గాలి.

“దిగేటోళ్ళు ‘వస్తున్నం లింగమయ్యా’ అనాలె. ఎక్కేటోళ్ళు ‘పోతున్నం లింగమయ్యా’ అనాలె. పోతున్నం అని కింద నుంచి ఇనబడితే దిగేటోళ్ళు ఎడల్పున్న కాడ గోడకు అతుక్కొని ఆగాలె. ఎక్కేటోళ్ళకు దారి ఇడవాలె.”

“దేవునికి చెప్పుడే అనుకున్న” అన్న నేను.

“దేవునికి తెల్వదా? ఎదురొచ్చేటోనికి చెప్పుడు.”

డానియేలు సారు మొఖం ఎలిగింది. “చూశావా యాదగిరీ? వీళ్ళకు విజిలు అక్కర్లేదు.”

దిగుడు

అక్క చెప్పులు ఇడిచి చేతుల పట్టుకున్నది. పక్కకు తిరిగి, ఊతకట్టె ముందు, కాలు వెనక, మౌలాలి గుట్ట మీద నేర్చినట్టే దిగింది. మలుపు మలుపుకు వెనకోళ్ళూ ముందటోళ్ళూ వస్తున్నం లింగమయ్యా అంటుంటే ఆ గోడల నడుమ మాట మాటను పట్టుకొని దిగుతున్నట్టుండె. నాకు హాస్యం తోచలేదు. నిజం చెప్తున్న, భయమైంది.

అడుగున ఎండ లేదు. ఎత్తు మీద నుంచి నీళ్ళు గుండంల పడుతున్నయి, సన్నగ, తెల్లగ. గుహల లింగమయ్య. అక్క తడి బట్టలతోని ముందట కూసున్నది. తర్వాత ఒకటే అన్నది: “మనిషిని తెచ్చినవు. నేను సుత వచ్చిన.”

డానియేలు సారు గుహ బయట టోపీ తీసి నిలబడ్డడు. అక్క దోసిట్ల నీళ్ళు తెచ్చింది.

“నేను మొక్కనమ్మా. దాహానికి తాగుతా.”

“తాగు నాయినా, నీళ్ళకేం తెలుసు.”

మలుపు కాడ

పులిహోర తిని, ఇస్తరాకులు మూట కట్టి ఎక్కుడు మొదలువెట్టినం. నేను ముందు, అక్క నడుమ, సారు వెనక. బయ్యన్న కింద ఒక ముసలామెకు చెయ్యిస్తున్నడు, వెనక వస్తనన్నడు.

మొదటి మలుపు కాడ నేను నోరు తెరిస్తే అక్క నా అంగీ గుంజింది. “ఆ మాట అనకు రా.”

“ఏ మాట?”

“పోతున్నం అని. ఆ మాట మీదనే పదిహేడు దినాలు సచ్చి బతికిన. ఇంత కష్టపడి వచ్చి, దేవుని ముందల నిలబడి పోతున్నం అంటనా?”

అక్క కండ్లల్ల నీళ్ళు ఉన్నయి. “అయితే వస్తం అందం అక్కా. ఇంటి కాడ అన్నట్టే. మళ్ళ వస్తం అని చెప్పినట్టయితది, దేవునికి సుత ఖుషీ” అన్న. నాకు నా తెలివి నచ్చింది.

వెనక నుంచి సారు రొప్పుకుంట, “అది కాదయ్యా అతను చెప్పింది...” అన్నడు. ఊపిరి అందక ఆగిండు.

“సార్, లింగమయ్యకు తెలుగు వస్తది, అర్థం చేసుకుంటడు” అని నేను గొంతెత్తి పాడినట్టు అరిచిన. “వస్తం లింగమయ్యా!”

గోడలు ఆ మాటను నలిపినయి. పైకి పోయేసరికి అది వస్తమో వస్తున్నమో ఎవరికి తెలుసు? మలుపు అవతల దిగుతున్నోళ్ళు, ముందల తమలాగనే దిగేటోళ్ళున్నరనుకున్నరు. ఆగలేదు. దారి ఇంకా సన్నగైన కాడ, ఒకాయన నెత్తి మీద ఇంత పెద్ద మూటతోని మలుపు తిరిగి నా ఛాతీకి తగిలిండు. ఆయన వెనక పది మంది. ముందటోడు ఆగిండు, వెనకటోళ్ళు ఆగలేదు. నేను గోడకు అతుక్కున్న. అక్క అంచు దిక్కున్నది.

చూసింది చూసినట్టు రాస్తున్న. డానియేలు సారు రెండు అడుగులల్ల ముందటికి వచ్చి, రెండు చేతులతోని అక్కను గోడకు నెట్టిండు. నెట్టిన చోట తాను నిలబడ్డడు. మూట ఆయన భుజానికి తగిలింది. అరుపు లేదు. టోపీ మాత్రం దారి మీద ఉన్నది.

కింద మొదలు రాళ్ళ చప్పుడు. ఆ వెనక ఆయన గొంతు. “లచ్చమ్మ గారు నిలబడే ఉన్నారా?”

ఇద్దరు మనుషుల లోతున ఒక రాతి అరుగు, దాని మీద పొద. ఆడ ఆగిండు. కుడి కాలు ఉండవలసిన దిక్కు లేదు.

అక్క ఏడ్వలేదు. గోడ దిక్కు తిరిగి నడుముకు చుట్టిన తాడు ఇప్పింది. పైనోళ్ళు కిందోళ్ళు ఒకటే గోల, ఒక్కొక్కడు ఒక్కొక్క సలహా. సారు కింద నుంచే, దవాఖానల మాట్లాడినట్టు, నాకు చెప్పిండు. “తాడు ముందు చెట్టుకి కట్టు. మనిషికి కాదు. ముడి లాగి చూడు. ఇంకోసారి లాగు. ఇప్పుడు కట్టుగుడ్డలూ, రెండు కర్రలూ దింపు.” తన కాలుకు తానే కర్రలు పెట్టి కట్టుకున్నడు. అప్పటికి బయ్యన్న ఎక్కొచ్చి తాడు పట్టుకొని దిగిండు.

సారును పైకి తెచ్చి దారి మీద పెట్టినంక బయ్యన్న మా దిక్కు చూసిండు. “వస్తం అన్నదెవరు?”

నేను నోరు తెరవలేదు. పుట్టి బుద్ధెరిగినంక నాకు మాట దొరకనిది అప్పుడే.

“నా కాలు జారింది బయ్యన్నా” అన్నడు డానియేలు సారు.

ఎక్కుడు

వెదుర్లు, ఒక కంబలి, నలుగురు చెంచు మనుషులు. డోలీ కట్టిండ్రు. ఎదురుంగ దిగేటోళ్ళు ఇంకా వస్తనే ఉన్నరు. డోలీ గోడ దిక్కు పోవాలంటే మలుపుకు ముందే అందరూ ఆగాలె. బయ్యన్న నన్ను చూసిండు, అరువుమని. నేను తల దించుకొని డోలీ కంబలి సదిరిన.

అక్క నన్ను పక్కకు జరిపి ముందటికి వచ్చింది. చెప్పులు లేని కాళ్ళు, చెదిరిన కొప్పు. లోయంత తిరుగంగ అరిచింది: “పోతున్నం లింగమయ్యా! పోతున్నం!”

పైన ఎవరో ఆ మాట అందుకున్నరు. వాళ్ళ పైనోళ్ళు అందుకున్నరు. మేము మలుపు తిరిగేసరికి జనం గోడకు వరుసగ అతుక్కొని ఉన్నరు, పిల్లలను చీరెలల్ల అదుముకొని. ప్రతి మలుపు కాడ అక్క అరిచింది. ఏడు నెలలు నోట్లకు రానియ్యని మాట, పొద్దు వాలేదాక ఎన్నిసార్లు అన్నదో. డోలీల సారు కండ్లు మూసుకొని ఒకసారి గొణిగిండు, “ఇదీ విజిలంటే” అని.

నాకా కాడ ఆ జవానే ఉన్నడు. డోలీని చూసిండు, కట్టిన కాలును చూసిండు, నన్ను సుత చూసిండు. లోపలికి పోయి విజిల్ తెచ్చి సారు అంగీ జేబుల పెట్టిండు. వాళ్ళ లారీలనే అచ్చంపేట దాటినం.

ఖాదర్ సాబ్ దిగిన మట్టి రోడ్డు కాడ అక్క లారీ ఆపమన్నది. ఎవరూ లేరు. ఆయన ఇంటికి తాళం పడ్డదో లేదో నాకు తెల్వదు.

లాలాగూడ

కాలు అతికింది గని రెండు వేళ్ళ మందం పొట్టిగైంది. గుట్టలు ఇంక లేవన్నరు. మౌలాలి మెట్లు సుత లేవు. అడిగినోళ్ళందరికీ సారు ఒక్కటే చెప్తున్నడు: కాలు జారిందని. బావకు అట్లనే చెప్పిండు. అక్క తప్పు తనదేనని, ఆ మాట అననియ్యంది తానేనని, దినాం అన్నం వండి ఆయనకు పంపుతున్నది. ఇద్దరూ నన్ను దాస్తున్నరు. ఎన్ని దినాలు?

జారింది ఆయన కాలు కాదు, నా నోరు. సలేశ్వరం పోయేటోళ్ళు తాడు తీస్కపోండ్రి, నీళ్ళు తీస్కపోండ్రి, రెండు నెలల ముందు నుంచి మోకాళ్ళను అడుగుండ్రి. ఆడిదాక పోయి, ఆడి మనుషులు చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. ఇంట్ల మాట ఇంట్లనే ఉంచుండ్రి.

నిన్న పొద్దుగూకంగ ఈ కాయితాలు తీస్కపోయి సారుకు చదివి వినిపిచ్చిన. వరండాల కుర్చీ వేసుకొని, కాలు స్టూలు మీద చాపుకొని విన్నడు.

“కాలు జారిందనే ఉంచొచ్చుగా?” అన్నడు.

“ఉంచను సార్.”

నేను కాయితాలు మడిచి లేచిన. వరండా ఇరుకు, స్టూలు నడుమ ఉన్నది. స్టూలుకు ముందల ఆగి, మా ఇంట్ల ఎవరూ అనని మాట అన్న.

“పోతున్న సార్.”

డానియేలు సారు రెండు చేతులతోని తన కాలును పట్టుకొని గోడ దిక్కు జరుపుకున్నడు, నాకు దారి ఇడువనికి.